ఫిలిప్ హెన్రీ గాస్

ఫిలిప్ హెన్రీ గాస్ (ఏప్రిల్ 6, 1810 - ఆగష్టు 23, 1888) ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు, చిత్రకారుడు మరియు రచయిత. సముద్రజీవుల అధ్యయనాన్నీ, అక్వేరియంనూ సామాన్య ప్రజలకు పరిచయం చేసినవారిలో ఈయన ప్రముఖుడు. అంతకుముందు 1844 నుండి 1846 వరకు వెస్ట్ ఇండీస్‌లోని జమైకా ద్వీపంలో నివసించి అక్కడి పక్షులను, ముఖ్యంగా హమ్మింగ్ బర్డ్‌లను, ప్రాణంతో ఉండగా పరిశీలించి గ్రంథస్థం చేశాడు. ఐరోపా శాస్త్రజ్ఞులలో అధిక సంఖ్యాకులకు హమ్మింగ్ బర్డ్ అనగా దూది కూరిన తోలు మాత్రమే అయిన కాలమది. అటువంటి కాలంలో ఈయన వాటి గూళ్ళు, ఆహారం, కలహాలు, ఎగిరే తీరు మొదలైనవాటిని దగ్గరగా చూసి వ్రాశాడు. అందువలన జమైకా పక్షిశాస్త్రానికి ఈయనను ఆద్యునిగా పరిగణిస్తారు.

బాల్యం

గాస్ ఇంగ్లండులోని వూస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ గాస్ ఊరూరా తిరిగి చిన్న పరిమాణపు రూపచిత్రాలు గీసి జీవించే చిత్రకారుడు. తల్లి హానా. నలుగురు సంతానంలో ఫిలిప్ రెండవవాడు. బాల్యం దక్షిణ తీరంలోని పూల్ అనే రేవు పట్టణంలో గడిచింది. మేనత్త సూసన్ బెల్ ఈయనకు సముద్రతీరపు జీవులను చూపి వాటిపై ఆసక్తి కలిగించింది. ఆమె కుమారుడు థామస్ బెల్ తరువాతి కాలంలో పేరొందిన జంతు శాస్త్రజ్ఞుడయ్యాడు. తండ్రి వద్ద చూసి నేర్చిన సూక్ష్మ చిత్రలేఖనం గాస్‌కు జీవితమంతా ఉపయోగపడింది. కుటుంబ ఆర్థిక పరిస్థితి బాగుండనందున 15వ ఏట చదువు మాని, ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా చేరవలసివచ్చింది.

ఉత్తర అమెరికాలో

1827లో 17 ఏళ్ళ వయసులో గాస్ న్యూఫౌండ్లాండ్ ద్వీపంలోని కార్బొనియర్‌కు గుమాస్తాగా వెళ్ళాడు. అక్కడ ఎనిమిదేళ్ళు పనిచేశాడు. 1832లో సూక్ష్మదర్శినిని గురించిన ఒక పాత పుస్తకం కొన్నాడు. నాటినుండి కీటకాలను సేకరించి, పరిశీలించి, బొమ్మలు గీయడం నిత్యకృత్యమైంది. ఆ సంవత్సరమే ఈయనకు మతవిశ్వాసం కూడా దృఢపడింది. ప్రకృతి పరిశీలన, దైవభక్తి అనే ఈ రెండు ఆసక్తులు చివరివరకు ఈయన జీవితాన్ని నడిపించాయి.

1835లో మిత్రులతో కలసి కెనడాలోని కాంప్టన్ వద్ద వ్యవసాయం ప్రారంభించాడు. అది లాభించలేదు. 1838లో అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్ళి, అలబామా రాష్ట్రంలోని ప్లెజంట్ హిల్ అనే చోట సుమారు ఎనిమిది నెలలు ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. అక్కడి కీటకాలను, పూలను నీటిరంగులతో చిత్రించాడు. ఎంటమాలజియా అలబామెన్సిస్ అనే ఆ చిత్రసంపుటి ఇప్పుడు బ్రిటిష్ గ్రంథాలయంలో ఉంది. ప్రత్తి తోటలలో నల్లజాతి బానిసలు పడే బాధలు చూసి గాస్ మనసు కలతచెందింది. 1839లో ఇంగ్లండుకు తిరుగు ప్రయాణమయ్యాడు. ఓడలో ఉండగా వ్రాసిన ది కెనడియన్ నేచురలిస్ట్ 1840లో వెలువడింది. ఇది ఈయన మొదటి పుస్తకం.

కొంతకాలం లండను సమీపంలోని హాక్నీలో చిన్న పాఠశాల నడిపాడు. విద్యార్థులు తగ్గిపోవడంతో దానిని మూసివేసి, రచననే జీవనోపాధిగా ఎంచుకున్నాడు.

జమైకా ప్రయాణం

1844 అక్టోబరులో గాస్ జమైకాకు ఓడ ఎక్కాడు. గవ్వలు, జంతు నమూనాల వర్తకుడు హ్యూ కమింగ్ తరఫున పక్షులను, కీటకాలను, గవ్వలను, ఆర్కిడ్ మొక్కలను సేకరించి పంపడం ఈ ప్రయాణానికి ఆర్థికాధారం. డిసెంబరులో ద్వీపపు దక్షిణ తీరాన అలిగేటర్ పాండ్ వద్ద దిగాడు. అక్కడినుండి పడమరగా వెళ్ళి, వెస్ట్‌మోర్లాండ్ పారిష్‌లోని బ్లూఫీల్డ్స్ అనే చోట మొరేవియన్ క్రైస్తవ మిషనరీ కుటుంబం వద్ద బస ఏర్పరచుకున్నాడు. ఎదుట సముద్రం, వెనుక అడవితో నిండిన కొండ ఉన్న ఆ ప్రదేశమే సుమారు ఒకటిన్నర సంవత్సరాలపాటు ఈయనకు పరిశోధన కేంద్రమైంది.

అప్పటికి జమైకాలో బానిసత్వం పూర్తిగా రద్దై (ఆగష్టు 1, 1838) ఏడేళ్ళు కూడా కాలేదు. అలబామాలో బానిస వ్యవస్థను చూసిన గాస్, ఇక్కడ స్వేచ్ఛ పొందిన ప్రజల మధ్య నివసించాడు. ఈయన కృషిలో ఇద్దరు జమైకా వాసుల పాత్ర చాలా ముఖ్యమైనది.

- శామ్యూల్ కాంప్‌బెల్: సుమారు 18 ఏళ్ళ నల్లజాతి యువకుడు. గాస్ ఇతనిని జీతమిచ్చి సహాయకుడిగా పెట్టుకున్నాడు. చురుకైన చూపు, పక్షుల అలవాట్లు తెలిసిన ఇతను సేకరణలో మాత్రమే గాక పరిశీలనలో కూడా తోడ్పడ్డాడు. గాస్ తన గ్రంథాలలో ఇతనిని పేరుపెట్టి పేర్కొని ప్రశంసించాడు.
- రిచర్డ్ హిల్ (1795-1872): మాంటెగో బేలో జన్మించిన మిశ్రవర్ణ సంతతివాడు. బానిసత్వ నిర్మూలన కోసం పాటుపడినవాడు, న్యాయాధికారి, స్వయంకృషితో ప్రకృతి శాస్త్రం అభ్యసించినవాడు. స్పానిష్ టౌన్‌లో నివసించే హిల్ తన అనేక సంవత్సరాల పరిశీలనలను గాస్‌కు ఉత్తరాల ద్వారా అందించాడు. జమైకా గ్రంథాల ముఖపత్రంపై తన పేరుతో బాటు సహకర్తగా హిల్ పేరును కూడా గాస్ అచ్చువేయించాడు.

జమైకా హమ్మింగ్ బర్డ్‌లు

హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాలలోను, వాటి చుట్టుప్రక్కల ద్వీపాలలోను మాత్రమే నివసిస్తాయి. భారతదేశంలో ఇవి లేవు. మన తోటలలో కనిపించే తేనెపిట్టలు కూడా పూతేనె త్రాగుతాయిగాని, అవి వేరే కుటుంబానికి చెందినవి. హమ్మింగ్ బర్డ్ గాలిలో ఒకేచోట నిలిచి, రెక్కలను అతివేగంగా ఆడిస్తూ పూవులోనికి ముక్కు చాపుతుంది. ఆ రెక్కల రొదను బట్టే దానికి ఆ పేరు వచ్చింది. గాస్ జమైకాలో మూడు రకాలను పరిశీలించాడు.

1. పొడవు తోక హమ్మింగ్ బర్డ్: స్థానికులు దీనిని డాక్టర్ బర్డ్ అంటారు. ఇది జమైకా జాతీయ పక్షి. మగపక్షి ఒళ్ళు మరకత వర్ణంలోను, తల నల్లగాను, ముక్కు ఎర్రగాను ఉంటాయి. తోకలోని రెండు ఈకలు శరీరంకంటే పొడవుగా రిబ్బనులవలె వేలాడుతూ, ఎగిరేటప్పుడు ప్రత్యేకమైన ధ్వని చేస్తాయి. ఆడపక్షికి ఈ పొడవైన ఈకలు ఉండవు.
2. జమైకా మాంగో: ముదురు ఊదా రంగు కలిగి, దూరానికి నల్లగా కనిపించే పక్షి. పల్లపు ప్రాంతాలలోను, తీరానికి దగ్గరగాను ఎక్కువ. ఇది కూడా జమైకాలో తప్ప వేరెక్కడా లేదు.
3. వెర్వైన్ హమ్మింగ్ బర్డ్: పొడవు సుమారు 6 సెంటీమీటర్లు, బరువు 2 గ్రాములకు కొద్దిగా ఎక్కువ. క్యూబాలోని తేనెటీగ హమ్మింగ్ బర్డ్ తరువాత ప్రపంచంలో అతిచిన్న పక్షి ఇదే. జమైకాతో బాటు పొరుగున ఉన్న హిస్పానియోలా ద్వీపంలో కూడా ఉంటుంది.

బ్లూఫీల్డ్స్ కొండ మీద గులాబీజామ చెట్లు పూసినప్పుడు పొడవు తోక పక్షులు అధికంగా చేరేవి. గాస్ అక్కడికి వెళ్ళి గంటల తరబడి వాటిని గమనించేవాడు. ఒకనాడు గవ్వలు ఏరుతూ ఉండగా రెక్కల రొద వినిపించి తలయెత్తి చూశాడు. ఒక ఆడపక్షి ముక్కున బూరుగు దూది పట్టుకొని, సగం కట్టిన గూటి ఎదుట గాలిలో నిలిచి ఉంది. అది గూడు అల్లే తీరును కదలకుండా చూసి నమోదు చేశాడు. మగపక్షులు తమ పూలచెట్టును కాచుకుంటూ ఇతర పక్షులను తరిమివేయడం, తేనెతో బాటు చిన్న కీటకాలను కూడా పట్టి తినడం ఈయన గుర్తించిన ఇతర విషయాలు. అనేక పక్షుల కడుపులను పరీక్షించి, వాటిలో కీటకాల అవశేషాలున్నట్లు నిర్ధారించాడు.

పంజరంలో పెంచే ప్రయత్నం

హమ్మింగ్ బర్డ్‌లను ప్రాణంతో ఇంగ్లండుకు చేర్చాలని గాస్‌కు బలమైన కోరిక ఉండేది. సీతాకోకచిలుకలను పట్టే వలతో వాటిని పట్టి, ఇంటికి తెచ్చి, ఒక గదిలో విడిచేవాడు. కూర్చోవడానికి గదిలో త్రాళ్ళు కట్టి, పూలగుత్తులు ఉంచి, గాజు పాత్రలో పంచదార పాకం పెట్టేవాడు. మొదట పట్టిన పక్షులు గోడలకు కొట్టుకుని, లేక ఉన్నట్టుండి సొమ్మసిల్లి మరణించాయి. తరువాతి వాటిలో కొన్ని గదికి అలవాటుపడి, భయం విడిచి వేలిపై వాలి పాకం త్రాగే స్థితికి వచ్చాయి. ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క స్వభావం ఉన్నదని, కొన్ని కలహప్రియములని, కొన్ని సాధుస్వభావం కలవని గాస్ వ్రాశాడు.

1846లో ప్రయాణకాలం సమీపించగా, మచ్చికైన పక్షులను పంజరంలోనికి మార్చాడు. కొద్ది రోజులలోనే అవి ఒకటొకటిగా నీరసించి, అన్నీ చనిపోయాయి. కారణం కీటకాహారం లోపించడమేనని ఆయన భావించాడు. పాకం వాటికి ఎగరడానికి శక్తినిస్తుందేగాని, శరీర పోషణకు అది ఒక్కటే చాలదు. ఈ అభిప్రాయం సరైనదే. హమ్మింగ్ బర్డ్‌లకు అవసరమైన మాంసకృత్తులు కీటకాలు, సాలెపురుగుల నుండి లభిస్తాయని తరువాతి శాస్త్రజ్ఞులు కూడా నిర్ధారించారు. అడవిలో తానే చూసిన విషయపు ప్రాధాన్యం, పంజరంలో పక్షులు మరణించిన తరువాతగాని గాస్‌కు పూర్తిగా బోధపడలేదు. జూలై 1846లో ఆయన జమైకాను విడిచినప్పుడు ఒక్క ప్రాణమున్న హమ్మింగ్ బర్డ్ కూడా వెంట లేదు.

ఈ సందర్భంలో నాటి ప్రసిద్ధ పక్షి శాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్‌ను పోల్చి చూడవచ్చు. హమ్మింగ్ బర్డ్‌లపై బృహత్ గ్రంథాన్ని 1849లో మొదలుపెట్టి, 1851లో లండను జంతు ప్రదర్శనశాలలో వాటి తోళ్ళతో ఘనమైన ప్రదర్శన ఏర్పాటు చేసిన గూల్డ్, ప్రాణమున్న హమ్మింగ్ బర్డ్‌ను మొదటిసారి చూసింది 1857లో అమెరికా వెళ్ళినప్పుడే. ఆయన కూడా వాటిని ఇంగ్లండుకు తేవడానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు.

గాస్ కూడా నమూనాల కోసం పక్షులను చంపినవాడే. అది ఆయన వృత్తిలో భాగం. అయినప్పటికీ తోలును కొలిచి పేరు పెట్టడంతో పక్షిశాస్త్రం ముగియదని, జీవించి ఉన్న పక్షి ప్రవర్తనే అసలు విషయమని ఆయన నమ్మకం.

జమైకా గ్రంథాలు

ది బర్డ్స్ ఆఫ్ జమైకా 1847లో ప్రచురింపబడింది. దీనికి అనుబంధంగా గాస్ స్వయంగా గీసిన 52 రంగుల చిత్రాల సంపుటి 1849లో పూర్తయింది. ఎ నేచురలిస్ట్స్ సోజర్న్ ఇన్ జమైకా 1851లో వెలువడింది. తాటిజాతి చెట్లలో గూడుకట్టే ఒక చిన్న పక్షికి (యాంటిలియన్ పామ్ స్విఫ్ట్), బంగారు ఛాయగల ఆకుపచ్చ రంగు వానకోవెలకు (గోల్డెన్ స్వాలో) శాస్త్రీయ నామకరణం చేసింది గాస్. జమైకాలో పూర్వం ఉండేదని చెప్పబడే ఒక ఎర్ర మకా చిలుకకు 1905లో వాల్టర్ రాత్స్‌చైల్డ్ గాస్ పేరు పెట్టాడు.

వివాహం, సముద్రతీర పరిశోధనలు

1848లో గాస్ రచయిత్రి ఎమిలీ బోవ్స్‌ను వివాహమాడాడు. ఇరువురూ ప్లిమత్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. 1849 సెప్టెంబరు 21న వారి ఏకైక సంతానం ఎడ్మండ్ జన్మించాడు. ఆనాటి దినచర్యలో గాస్ కుమారుని జననాన్ని, జమైకా నుండి ఆకుపచ్చ వానకోవెల నమూనా అందిన సంగతిని ప్రక్కప్రక్కనే వ్రాసుకోవడం తరువాత చాలా ప్రసిద్ధి పొందింది.

అనారోగ్యం వలన 1852లో డెవన్ తీరానికి వెళ్ళిన గాస్ దృష్టి సముద్రజీవులపైకి మళ్ళింది. ఉప్పునీటిలో నాచుమొక్కలను, జీవులను తగిన పాళ్ళలో ఉంచితే అవి చాలాకాలం బ్రతుకుతాయని ప్రయోగాల ద్వారా చూపాడు. జమైకాలో పక్షుల విషయంలో సాధ్యపడనిది ఇక్కడ సాధ్యమైంది. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రారంభమైన మొదటి ప్రజా అక్వేరియంకు ఈయన జీవులను సేకరించి ఇచ్చాడు. 1854లో వెలువడిన ది అక్వేరియం గ్రంథం వలన ఆ పదం వాడుకలోకి వచ్చింది. ఇంగ్లండులో ఇంటింటా అక్వేరియం పెట్టుకోవడం వేడుకగా మారింది. 1856లో ఈయన రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు.

అయితే ఈ వేడుక వలన తీరానికి కీడు జరిగింది. గాస్ పుస్తకాలు చదివిన జనం గుంపులుగా వచ్చి, రాళ్ళ నడుమ ఉండే నీటిగుంటలలోని జీవులను తీసుకుపోయారు. అనతికాలంలోనే అనేక గుంటలు బోసిపోయాయి. తన రచనలే ఇందుకు కారణమయ్యాయని గాస్ ఎంతో బాధపడినట్లు కుమారుడు తరువాత వ్రాశాడు.

ఆంఫలస్ వివాదం

1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ము క్యాన్సరుతో మరణించింది. ఆ ఏడే గాస్ ఆంఫలస్ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. గ్రీకు భాషలో ఆంఫలస్ అనగా బొడ్డు. శిలాజాలు భూమి అతిప్రాచీనమని చెబుతుండగా, బైబిలు సృష్టికథ అందుకు భిన్నంగా ఉంది. ఈ రెంటినీ సమన్వయపరచాలని గాస్ ఆశించాడు. తల్లి గర్భాన పుట్టని ఆదాముకు కూడా బొడ్డు ఉన్నట్లే, సృష్టింపబడిన క్షణంలోనే భూమి గతకాలపు గుర్తులతో ఏర్పడిందని ఆయన వాదం. దీనిని శాస్త్రజ్ఞులూ అంగీకరించలేదు, మతపెద్దలూ ఆదరించలేదు. పుస్తకం అమ్ముడుపోలేదు. ఈ వైఫల్యం గాస్‌ను బాగా క్రుంగదీసింది.

చివరి సంవత్సరాలు

1857లో గాస్ కుమారునితో డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్‌లో స్థిరపడ్డాడు. 1860లో ఎలైజా బ్రైట్వెన్‌ను ద్వితీయ వివాహం చేసుకున్నాడు. పరిణామ సిద్ధాంతాన్ని అంగీకరించకపోయినా, చార్లెస్ డార్విన్‌తో ఆర్కిడ్ పూల వంటి విషయాలపై ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. వృద్ధాప్యంలో రోటిఫెరా అనే సూక్ష్మజీవుల అధ్యయనంలో నిమగ్నుడై, చార్లెస్ హడ్సన్‌తో కలసి 1886లో ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించాడు. 1888 ఆగష్టు 23న తన 78వ ఏట స్వగృహంలో మరణించాడు.

కుమారుడు ఎడ్మండ్, హైదరాబాదు సంబంధం

ఎడ్మండ్ గాస్ (1849-1928) కవిగా, సాహిత్య విమర్శకుడిగా పేరు పొందాడు. 1890లో తండ్రి జీవితచరిత్రను, 1907లో ఫాదర్ అండ్ సన్ అనే ఆత్మకథాత్మక గ్రంథాన్ని రచించాడు. రెండవ పుస్తకంలో తండ్రి కఠినమైన మతనిష్ఠను విమర్శించినందున, ఫిలిప్ గాస్ చాలాకాలం మూఢ విశ్వాసిగానే లోకానికి తెలిశాడు. శాస్త్రజ్ఞుడిగా ఆయన కృషికి తరువాతి జీవితచరిత్రకారులు తగిన స్థానం కల్పించారు.

ఎడ్మండ్‌కు తెలుగువారికి సుపరిచితురాలైన సరోజినీ నాయుడుతో సంబంధముంది. హైదరాబాదు నుండి 1895లో చదువుకోసం ఇంగ్లండు వెళ్ళిన సరోజిని తన కవితలను ఆయనకు చూపింది. వాటిలో ఇంగ్లండు పక్షులు, ఇంగ్లండు ప్రకృతి కనిపించగా, ఆమె స్వదేశపు పూలను, పక్షులను, జనజీవితాన్ని గురించి వ్రాయుమని ఆయన సలహా ఇచ్చాడు. 1905లో వెలువడిన తన తొలి ప్రధాన కవితాసంపుటి ది గోల్డెన్ థ్రెషోల్డ్‌ను ఆమె ఆయనకే అంకితమిచ్చింది. 1912 నాటి ది బర్డ్ ఆఫ్ టైమ్ సంపుటికి ఆయన పీఠిక వ్రాశాడు. జీవిని దాని సొంత చోటనే చూడాలన్న తండ్రి పద్ధతికీ, కుమారుని ఈ సలహాకూ పోలిక ఉన్నది.

గాస్ పరిశీలించిన పక్షులు - నేటి జమైకా

గాస్ చూసిన మూడు హమ్మింగ్ బర్డ్‌లూ ఇప్పటికీ జమైకాలో ఉన్నాయి. వీటిని చూడగోరే యాత్రికులకు ఈ క్రింది ప్రదేశాలు ముఖ్యమైనవి.

- బ్లూఫీల్డ్స్ పరిసరాలు: గాస్ పరిశోధన చేసిన నైరుతి తీరం. జమైకా మాంగో, వెర్వైన్ పక్షులకు ఇటువంటి పల్లపు ప్రాంతాలు అనుకూలం. 2025 అక్టోబరు 28న మెలిస్సా తుపాను ఈ తీరాన్నే తాకి, తీవ్రనష్టం కలిగించింది. కనుక వసతి, రహదారుల స్థితి తెలుసుకొని బయలుదేరడం మంచిది.
- రాక్‌లాండ్స్: మాంటెగో బే సమీపంలో ఆంకోవీ అనే ఊరివద్ద 20వ శతాబ్దంలో లిసా శాల్మన్ నెలకొల్పిన పక్షి సంరక్షణ స్థలం. సందర్శకుడు తీపినీటి సీసాను పట్టుకొని కదలకుండా కూర్చుంటే డాక్టర్ బర్డ్ వచ్చి వేలిపై వాలి త్రాగడం వలన ఇది ప్రసిద్ధి పొందింది.
- బ్లూ మౌంటెన్స్: కింగ్‌స్టన్‌కు ఎగువన ఉన్న హాలీవెల్ వంటి కొండ ప్రాంతాలలో డాక్టర్ బర్డ్ తరచు కనిపిస్తుంది.
- పోర్ట్‌లాండ్ పారిష్, జాన్ క్రో పర్వతాలు: ద్వీపపు తూర్పు కొనలో పొడవు తోక పక్షికి ముక్కు ఎర్రగా గాక నల్లగా ఉంటుంది. దీనిని 1901లో ప్రత్యేక జాతిగా వర్ణించారు. కొందరు ఉపజాతిగా మాత్రమే పరిగణిస్తారు. పడమటి తీరంలో నివసించిన గాస్ గ్రంథంలో ఇది వేరుగా లేదు.

ఉదయపు వేళ, పూచిన చెట్టును ఎంచుకొని దానికి కొంత దూరంలో నిశ్చలంగా ఉండటం ఉత్తమ పద్ధతి. భారతదేశం నుండి వెళ్ళి అక్కడ పెరుగుతున్న మునగచెట్టు పూలకు కూడా ఇవి వస్తాయి. వెర్వైన్ పక్షి ఆకులు లేని చిటారు రెమ్మపై కూర్చొని సన్నగా పాడుతుంది కాబట్టి, దానిని కంటికంటే ముందు చెవితో గుర్తించవచ్చు. ఈకలు రాలిన కాలంలో మగ డాక్టర్ బర్డ్‌కు పొడవైన తోక ఉండకపోవచ్చు.

గాస్ పేరు పెట్టిన పక్షులన్నిటికీ ఈ అదృష్టం కలుగలేదు. ఎడ్మండ్ పుట్టిననాటి దినచర్యకు ఎక్కిన ఆకుపచ్చ వానకోవెల 20వ శతాబ్దం చివరినుండి జమైకాలో నిర్ధారణగా కనిపించలేదు. దాని మరొక ఉపజాతి హిస్పానియోలా కొండలలో మాత్రమే మిగిలింది. జమైకా పక్షి ఎలా జీవించేదో తెలుసుకోవడానికి గాస్, హిల్ వ్రాసిపెట్టిన పరిశీలనలు నేడు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి.

ముఖ్య రచనలు

- ది కెనడియన్ నేచురలిస్ట్ (1840)
- ది బర్డ్స్ ఆఫ్ జమైకా (1847)
- ఇల్లస్ట్రేషన్స్ ఆఫ్ ది బర్డ్స్ ఆఫ్ జమైకా (1849)
- ఎ నేచురలిస్ట్స్ సోజర్న్ ఇన్ జమైకా (1851)
- ఎ నేచురలిస్ట్స్ రాంబుల్స్ ఆన్ ది డెవన్‌షైర్ కోస్ట్ (1853)
- ది అక్వేరియం (1854)
- ఆంఫలస్ (1857)
- ఈవెనింగ్స్ ఎట్ ది మైక్రోస్కోప్ (1859)
- ది రొమాన్స్ ఆఫ్ నేచురల్ హిస్టరీ (1860)
- ది రోటిఫెరా (1886, చార్లెస్ హడ్సన్‌తో కలసి)